కారుకు కన్నులు

మా చిన్నతనమున బందరు దగ్గర పల్లెలలో రాత్రివేళ బండి ప్రయాణమన్న నిద్రకు మరొక పేరు. బజారులో సరకు వేసికొని ప్రొద్దుగ్రుంకిన పిదప బయలుదేరిన బండి తెల్లవారుజామున గాని ఊరు చేరెడిది కాదు. పాలేరు చర్నాకోల ప్రక్కన బెట్టి, గోనెపట్టాపై ఒరిగి, గుర్రు పెట్టుచుండెడివాడు. ఎద్దులు మాత్రము కాలువగట్టు దిగక, మలుపు మరువక, ఎదురు బండి వచ్చిన ఒక ప్రక్కకు తొలగి, మమ్ము ఇంటి ముంగిట నిలిపెడివి. ఒకనాడు మా నాయనగారు వానిని మందలించిరి. "గట్టు విరిగి బండి కాలువలో పడిన నేమగునురా?" అని. వాడు కన్నులు నులుముకొనుచు, "పడితే అవీ పడతాయి గదండీ బాబూ" అనెను.

ఆ మాటలోని ఇంగితము నాకు అరువది ఏండ్లకు తెలిసివచ్చినది.

ఇప్పుడు ఆ ఎద్దుల విద్యను కార్లకు నేర్పుచున్నారు. అద్దము వెనుక ఒక కెమెరా, ముందు బంపరు చాటున ఒక రాడారు, లోపల ఒక చిన్న కంప్యూటరు. ఈ మూడును గూడి త్రోవపై గీతలను చూచును. ముందు పోవు బండికి ఎంత ఎడమున్నదో కొలుచును. అవసరమని తోచిన స్టీరింగును కొంచెము త్రిప్పును, బ్రేకును తానే వేయును. ఇంగ్లీషులో దీనికి నాలుగు మాటల పేరు కలదు. వాని మొదటి అక్షరములను కలిపి అందరును 'అడాస్' అనుచున్నారు. మన దేశమున 2020లో ఎం.జి. గ్లాస్టరు, 2021లో మహీంద్రా ఎక్స్.యు.వి. 700 వచ్చిన నాటినుండి ఈ మాట సంపన్నుల ముంగిళ్ళు దాటి మధ్యతరగతి వసారాలకు దిగినది. పెండ్లి సంబంధముల మాటలలో గూడ ఇది వినబడుచున్నదని మా ఇంటివారు చెప్పుచున్నారు. నిజమో కాదో నేనెరుగను.

మా మేనల్లుడు అట్టి కారొకటి కొనెను. గత శీతకాలమున వానితో విజయవాడనుండి హైదరాబాదు వచ్చితిని. నందిగామ దాటువరకు వాడు చిన్నపిల్లవానివలె సంబరపడెను. "మామయ్యా, చూడు, నేను చేయి వదలినా అదే తిరుగుతుంది" అని చూపెను. తిరిగినది గూడ. కోదాడ దగ్గరకు వచ్చునప్పటికి సంబరము చల్లారినది. ముందు బండికి మా కారు మర్యాదగా విడిచిన ఎడములోనికి ఒక మోటారు సైకిలు దూరెను. కారు త్రొక్కి పట్టినట్లు ఆగెను. వెనుకనున్న లారీవాడు హారను మ్రోగించి, తల బయటబెట్టి, ఇచట వ్రాయదగని మాట అనెను. మరి కొంత దూరమున ఎదురు దిక్కుగా ఒక ట్రాక్టరు. దానిని తప్పించుటకు మావాడు గీత దాటబోగా, స్టీరింగు వానితో పెనుగులాడినది. గీత దాటరాదని దాని శాస్త్రము. అడుగడుగునకు కీచుమను కూతలు. "ఇది మన రోడ్లకు పనికిరాదు మామయ్యా" అని మావాడు ఒక్కొక్కటిగా అన్నియు ఆపివేసెను.

సూర్యాపేటలో టీ త్రాగి మరల బయలుదేరితిమి. ఆ కారు ఇంజను ఆపి మరల వేసినపుడెల్ల ఆపివేసిన ఏర్పాట్లన్నియు తిరిగి మేల్కొనునట. నకిరేకలు సమీపించుచుండగా మరల ఆ కూత. మావాడు విసుగుకొని, దాని నోరు నొక్కుటకు తెరమీది బొమ్మలలో వెదకుచున్నాడు. అంతలో కారు దానంతట అది బ్రేకు వేసికొనెను. నా కళ్ళజోడు ఎగిరి కాళ్ళదగ్గర పడినది. తలయెత్తి చూతుము గదా, త్రోవ నడుమనున్న మొక్కల వరుసలోనుండి తలపై గడ్డిమోపుతో ఒక ముసలి అవ్వ మా ముందు నాలుగడుగుల దూరమున అడ్డముగా నడచిపోవుచున్నది. ఆమె మావంక చూడనైనను చూడలేదు. మోపు క్రిందనుండి ఆమెకు మేము కనబడి యుండము.

మావాడు కారు ప్రక్కకు దీసి చాలసేపు మాటాడలేదు. ఒక ఏర్పాటును ఆపుటకై వాడు చూపు త్రిప్పిన సమయమున మరొక ఏర్పాటు ఆ అవ్వను బ్రదికించినది. ఈ రెండింటికిని మనవారు ఒకే పేరు పెట్టి, ఒకే ధరకు అమ్ముచున్నారు. నా అభియోగమంతయు ఇచటనే యున్నది.

అడాస్ అను ఒకే సంచిలో రెండు జాతుల యంత్రములు కలవు. ఒకటి కావలివాని వంటిది. నడపుట మన పనియే. అది మాటాడక చూచుచుండి, మన చేయి జారిన క్షణమున మాత్రము అడ్డుపడును. రెండవది సేవకుని వంటిది. మన పని తాను చేయుచు, తనకు మనలను కావలి యుండుమనును. కర్ణుని సర్పముఖాస్త్రము వచ్చుచుండగా శ్రీకృష్ణుడు రథమును కాలితో అదిమి నేలలో క్రుంగజేసెను. కిరీటము పోయినది, తల నిలిచినది. అంతకు ముందుగాని తరువాతగాని ఆయన గాండీవమును చేతబట్టి, 'నీవు పండుకొనుము, నేను యుద్ధము చేసెదను' అనలేదు. కావలి జాతి యన్న నాకు తోచునది అట్టిది.

ఈ జాతికి చరిత్ర కలదు. తడి నేలపై గట్టిగా బ్రేకు త్రొక్కిన చక్రములు బిగిసి జారకుండ చూచు ఏ.బి.ఎస్. అను ఏర్పాటును 1978లో జర్మనీలోని బాష్ సంస్థవారు మెర్సిడెస్ కారులో అమర్చిరి. మలుపులో కారు పట్టు తప్పుచుండగా ఒక్కొక్క చక్రమునకు వేరువేరుగా బ్రేకు వేసి త్రోవకు దెచ్చు ఇ.ఎస్.సి. 1995లో వచ్చినది. అది గూడ మొదట ధనికుల కార్లకే. 1997లో స్వీడనులో ఒక పత్రికవారు మెర్సిడెస్ ఎ-క్లాసు అను చిన్న కారును పరీక్షించుచు, త్రోవకు అడ్డముగా వచ్చిన పెద్ద దుప్పిని తప్పించినట్లు ఒక్కసారి అటు నిటు త్రిప్పిరి. కారు బోల్తా పడినది. ఐరోపా అంతట గగ్గోలు పుట్టినది. సిగ్గుపడిన సంస్థవారు ఆ చిన్న కార్లన్నిటికిని ఇ.ఎస్.సి.ని తామే అమర్చిరి. పిదప అమెరికాలో 2012 నమూనా కార్లనుండియు, ఐరోపాలో 2014నుండియు అది ప్రతి కొత్త కారునకు తప్పనిసరి ఐనది. ఒంటరిగా పోవుచు పట్టు తప్పి జరుగు ఘోర ప్రమాదములు దానివలన ఇంచుమించు సగమునకు తగ్గినవని అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థవారి లెక్క. ధనికుని భోగవస్తువు పేదవాని కారులోనికి దిగినది, సిగ్గువలన కొంత, చట్టమువలన మిగిలినంత.

మా మేనల్లుని కారు వేసిన బ్రేకు గూడ ఈ వంశములోనిదే. 2008లో వోల్వో సంస్థవారు పట్టణ వేగములకు దానిని మొదలుపెట్టిరి. ముందున్న బండిని వెనుకనుండి గ్రుద్దు ప్రమాదములను అది సగమునకు తగ్గించునని పైన చెప్పిన బీమా సంస్థయే తేల్చినది. ఐరోపాలో 2024 జూలైనుండి అమ్ము ప్రతి కొత్త కారునకు అది ఉండి తీరవలెను. అమెరికాలో 2029 సెప్టెంబరులోగా ఉండవలెనని 2024లో శాసించిరి. బీమా సంస్థల మాటను నేను ఇంతగా చెప్పుటకు కారణమొకటి కలదు. వారికి మన ప్రాణములపై ఎంత ప్రేమయో చెప్పలేము గాని, తమ డబ్బుపై ప్రేమ నిశ్చయము.

ఇక సేవక జాతి. దీని మూలపురుషుడు రాల్ఫ్ టీటర్ అను అమెరికను ఇంజనీరు. ఐదవ ఏట చూపు పోయినవాడు. ఒకనాడు ఆయన తన వకీలుతో కారులో పోవుచుండెను. ఆ వకీలు తాను మాటాడునపుడు వేగము తగ్గించుచు, వినునపుడు పెంచుచు కారును కుదిపెడివాడట. ఆ బాధ పడలేక టీటరు వేగమును నిలకడగా ఉంచు సాధనమును కల్పించి, 1950లో పేటెంటు పొందెను. 1958లో క్రైస్లరు సంస్థవారు దానిని తమ ఇంపీరియల్ కారులో పెట్టి, 'ఆటో పైలట్' అని పేరిడిరి. వేగమును నిలుపుట తప్ప మరేమియు చేతగాని వస్తువునకు అట్టి నామకరణము! ఈ వ్యాపారమున పేర్లు వస్తువును మించి పరుగెత్తుట అప్పుడే ఆరంభమైనది.

పేరు ఎందులకు ముఖ్యమన, పేరును నమ్మియే మనుష్యుడు చేయి వదలును. 2016 మే నెలలో ఫ్లోరిడాలో ఒక టెస్లా కారు అదే పేరు గల ఏర్పాటుపై పోవుచు, త్రోవకు అడ్డముగా మలుపు తిరుగుచున్న లారీని బ్రేకు వేయకయే గ్రుద్దినది. కారును వేయలేదు, మనుష్యుడును వేయలేదు. అతడు మరణించెను. యంత్రముపై మితిమీరిన నమ్మకమును, అట్టి నమ్మకమునకు తావిచ్చిన ఏర్పాటును రెండింటిని విచారణ సంఘము తప్పుపట్టినది. 2023 డిసెంబరులో టెస్లావారు, మనుష్యుడు త్రోవ చూచుచున్నాడా లేదా అని కనిపెట్టు భాగమును సరిదిద్దుటకై ఇరువది లక్షలకు పైగా కార్లను రీకాల్ చేయవలసి వచ్చినది.

ఇందు మనుష్యుని బద్ధకమును నిందించి ఊరకుండువారు కలరు. నేను వారితో ఏకీభవింపను. 1948లోనే ఇంగ్లండులో నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు రాడారు తెరలను కావలి కాయు సైనికులకై ఒక పరీక్ష నడిపెను. గడియారపు ముల్లు ఒక్కొక్క అడుగే వేయుచుండును; ఎప్పుడో ఒకసారి రెండడుగులు దుముకును. ఆ దుముకును పట్టుకొనుటయే పని. అరగంట గడచునప్పటికే చూపు మందగించి తప్పులు పెరిగినవి. వారు శిక్షణ లేనివారు కారు, సోమరులును కారు. ఏమియు జరుగని దానిని రెప్ప వాల్చక చూచుట మనుష్యుని తరము కాదు, అంతియే. 1983లో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అను విదుషి యంత్రీకరణలోని విపరీతములను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. సులువైన పనిని యంత్రమునకిచ్చి, యంత్రమునకు చేతగాని గడ్డు ఘడియను మనుష్యునికి విడుచుచున్నామనియు, అభ్యాసము తప్పిన ఆ మనుష్యుడు అప్పటికప్పుడు నిపుణుడు కావలెనని కోరుచున్నామనియు ఆమె వాదము. నలుబది ఏండ్లు గడచినను ఆ వాదమునకు కార్లవారు సరియైన సమాధానము చెప్పినట్లు నాకు కానరాదు. సగము తామే నడచు కార్ల ఏర్పాట్లను 2024లో ఆ బీమా సంస్థవారు పదునాలుగింటిని పరీక్షించి, కావలి చాలినదని ఒక్కదానిని మాత్రమే ఒప్పుకొనిరి. వానివలన ప్రమాదములు తగ్గినవనుటకు నమ్మదగిన సాక్ష్యము లేదని గూడ చెప్పిరి.

2018 మార్చి 18వ తేదీ రాత్రి అరిజోనాలోని టెంపీ పట్టణమున జరిగిన సంగతి నన్ను మరింత కలవరపెట్టినది. తానే నడచు కారును ఊబర్ సంస్థవారు వీధిలో పరీక్షించుచుండిరి. లోపల కావలిగా ఒక ఉద్యోగిని. ఒక స్త్రీ సైకిలును నడిపించుకొనుచు త్రోవ దాటుచున్నది. ఢీకొనుటకు 5.6 సెకండ్లకు ముందే యంత్రమామెను కనిపెట్టినది. కాని ఆమె బండియా, సైకిలా, మరొకటియా అని తేల్చుకొనలేక తన అభిప్రాయమును మార్చుకొనుచు కాలము గడిపినది. నియమిత స్థలమున గాక మరొక చోట మనుష్యులు త్రోవ దాటుదురను ఊహయే ఆ యంత్రమునకు నేర్పలేదని విచారణలో తేలినది. అంతకన్న చోద్యము: ఆ వోల్వో కారులో పుట్టుకతో వచ్చిన అత్యవసరపు బ్రేకును ఊబరువారు తమ యంత్రము పనిచేయునపుడు కట్టివేసిరి. సేవకుని కోసము కావలివానిని పంపివేసిరన్నమాట. కావలి యుండవలసిన ఉద్యోగిని సెల్‌ఫోను చూచుచున్నది. స్త్రీ మరణించినది. సంస్థపై నేరము మోపలేదు. 2023లో ఆ ఉద్యోగిని నేరము ఒప్పుకొని మూడేండ్ల ప్రొబేషను శిక్ష పొందినది. మా పాలేరు మాట నాకు జ్ఞాపకము వచ్చినది ఈ సంగతి చదివిననాడే. ఆ ఎద్దులు మాతోబాటు కాలువలో పడెడివి.

దీనికి ఎదురు వాదము లేకపోలేదు. కావలి జాతి గూడ మనుష్యుని చెరచునని కొందరి మాట. 1980ల తొలినాళ్ళలో మ్యూనికు నగరమున కొన్ని టాక్సీలకు ఏ.బి.ఎస్. పెట్టి, కొన్నింటికి పెట్టక పరిశీలించిరి. పెట్టిన టాక్సీలలో ప్రమాదములు తగ్గలేదు. బ్రేకుపై భరోసాతో వారు మలుపులను మరింత విసురుగా తిరుగుచు, ముందు బండిని మరింత ఆనుకొని పోవుచుండిరి. ఇది నిజమే. కాని ఈ నిజమునకు ఒక హద్దు కలదు. ప్రతిదినము కాలికి తెలియు సాయమును మనుష్యుడు ఖర్చు పెట్టుకొనును. ఎన్నడో ఏడాదికొకసారి గాని బయటపడని సాయమును ఖర్చు పెట్టుకొనుట కష్టము. తన కారులో అట్టి బ్రేకు ఉన్నట్లు ఆ సాయంత్రము వరకు మా మేనల్లునికి సరిగా తెలియదు.

ఇక మన త్రోవల మాట. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర ప్రభుత్వపు నివేదిక. అందులో రెండు చక్రముల బండ్లపై పోవువారు 74,897 మంది, పాదచారులు 32,825 మంది. మూడింట రెండు వంతులకు రవంత తక్కువ. కావున మన దేశమున ఈ యంత్రములను కొనువాడు ఒకడు, వానివలన బ్రదుకవలసినవాడు మరొకడు. కొనువానికి ఏ రకము నచ్చునో అంగడివానికి తెలియును. గడ్డిమోపు మోయు అవ్వ అంగడికి రాదు.

మరి ఆ అవ్వను ఈ యంత్రము ఎల్లప్పుడును చూచునా? చూడదు. పాదచారులను గుర్తించు బ్రేకులు అట్టి ప్రమాదములను నూటికి 27 వంతులు తగ్గించినవని 2022లో ఆ బీమా సంస్థ చెప్పినది. వెంటనే, దీపములు లేని చీకటి త్రోవలలో ఏ తేడాయు కానరాలేదని గూడ చెప్పినది. మేము అర్ధగంట ఆలస్యముగా బయలుదేరియున్న ఏమయ్యెడిదో! ఊళ్ళ మధ్య మన హైవేలపై దీపములెన్ని యున్నవో ప్రయాణము చేయువారందరును ఎరుగుదురు. కార్లకు కన్నులు పెట్టితిమని వీధిదీపముల ఖర్చు, కాలిబాటల ఖర్చు మిగుల్చుకొనజూచు అధికారి ఎవడైన నుండిన, వానికి ఈ ఒక్క సంగతి చదివి వినిపింపవలెను.

ఈ కన్నులకు చదువు చెప్పిన ఊరేదో గూడ చూడవలెను. ఆస్ట్రేలియాలో వోల్వోవారి కారు కంగారూలను చూచి తికమకపడినదని 2017లో పత్రికలలో వచ్చినది. గంతువేసి గాలిలో నున్నపుడు దూరముననున్నట్లును, నేలపై దిగినపుడు దగ్గరనున్నట్లును దానికి తోచినదట! స్వీడను దుప్పులు అట్లు గంతులు వేయవు గదా. మన ఆటోరిక్షాలు, త్రోవలో నెమరువేయు గేదెలు, ముగ్గురెక్కిన మోటారు సైకిళ్ళు ఆ విదేశీ పాఠములలో లేవు. ఈ కొరతను గుర్తించి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీవారు, ఇంటెల్ సంస్థవారు కలిసి హైదరాబాదు, బెంగుళూరు వీధులలోను, వాని పరిసరములలోను తిరిగి, 2018లో పదివేల చిత్రముల భాండారమును తయారుచేసిరి. అందు ఆటోరిక్షాకు వేరే తరగతి కలదు, పశువులకు వేరే తరగతి కలదు. మనవారు చేసిన ఈ పనికి రావలసినంత పేరు రాలేదు. ప్రభుత్వము ఏదైన కారు పరీక్షకు నిలిచినపుడు ఇట్టి చిత్రములలోని వీధినే దాని ముందు పెట్టవలెనని నా మనవి: సంజచీకటి, దీపము లేదు, నల్లని చీర, తలపై మోపు. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు నక్షత్రములను ముఖ్యముగా కారు లోపలనున్న పెద్దలను, పిల్లలను బట్టి పంచినవి. లోపలివారు మనవారే. బయటివారును మనవారే.

ఏ.బి.ఎస్. విషయమున మన ప్రభుత్వము మేలే చేసినది. 2019 ఏప్రిల్ నుండి కార్లకును, 125 సీసీ మించిన మోటారు సైకిళ్ళకును దానిని తప్పనిసరి చేసినది. అత్యవసరపు బ్రేకునకు, ఇ.ఎస్.సి.కి అదే త్రోవ చూపవలెను. ధర పెరిగినను సరియే. గీతల మధ్య తానే పోవుటను మాత్రము కావలసినవారు తమ డబ్బుతో కొనుక్కొందురు గాక. దానిని భద్రత యను పేరుతో అమ్మనీయరాదు. దాని కూతలు విసిగించి అన్నియు ఆపివేయించునట్లు చేయరాదు.

మేము హైదరాబాదు చేరిన వారమునకు, మా తమ్ముని కుమార్తె ఒక చిన్న కారు కొనదలచి నన్ను తోడు రమ్మనగా ఒక అంగడికి పోతిమి. పేరు వలదు. అచటి కుర్రవాడు మర్యాదస్థుడు; మంచినీళ్ళిచ్చి కూర్చుండబెట్టెను. ఆమె బేరమాడుచున్న రకములో దానంతట అది వేసికొను బ్రేకు కలదా అని నేనడిగితిని.

"ఇందులో లేదండి. అన్నిటికంటే పై రకంలో వస్తుందండి" అనెను. "దానిలో అయితే పైకప్పు అద్దం కూడా తెరుచుకుంటుందండి, ఆకాశం చూడవచ్చు."

ఎంత ఎక్కువగునని మా అమ్మాయి అడిగినది. అతడు చెప్పెను. ఆమె నావంక చూచినది.